జత ఫ్లాప్ పడింది, ముందు మాట్లాడాల్సింది మనమే

ఇది టెక్సాస్ హోల్డెమ్ పోకర్: చేతిలో రెండు ముక్కలు, కింద అందరికీ ఉమ్మడిగా అయిదు (మొదటి మూడు ఫ్లాప్, నాలుగోది టర్న్, చివరిది రివర్). బటన్ (ఫ్లాప్ నుంచి చివర్లో మాట్లాడేవాడు) 2.5 బీబీకి (బీబీ అంటే ముందే కట్టాల్సిన పెద్ద పందెం, బిగ్ బ్లైండ్) లేపాడు. స్మాల్ బ్లైండ్ (అందులో సగం ముందే కట్టినవాడు) పడేశాడు. బిగ్ బ్లైండ్‌లో మీరు ఆటీను క్యూ-10తో కాల్ చేశారు (అతనంతే కట్టారు). పాట్ (మధ్యలో పోగైన డబ్బు) 5.5 బీబీ, ఇద్దరి దగ్గరా వెనకాల 97.5 ఉంది. ఫ్లాప్: ఇస్పేటు 7, డైమన్ 7, ఆటీను 3. మీరు చెక్ అన్నారు (ఏమీ వేయకుండా వదిలారు), అతను 1.8 వేశాడు.

చాలామంది ఇక్కడ ముక్కలు పడేస్తారు. ఏమీ తగల్లేదు కదా అని. నిజమే, తగల్లేదు. కానీ అతనికీ తగల్లేదు, అసలు సంగతి అక్కడుంది. పొజిషన్ లేకుండా (అవతలివాడి కంటే ముందు మాట్లాడుతూ) జత ఫ్లాప్‌లు ఆడేవాళ్లు రెండు చోట్ల నష్టపోతారు. ఫ్లాప్‌లో చిన్న బెట్‌కు మరీ తేలిగ్గా వదిలేస్తారు. ఏదో కాస్త తగిలినప్పుడు మాత్రం టర్న్‌లో, రివర్‌లో మరీ ఎక్కువ కడతారు. రెండింటికీ మూలం ఒకటే: ఎవరి దగ్గర ఎన్ని కాంబోలు (రెండు ముక్కల కూర్పులు) ఉండొచ్చో లెక్కపెట్టకపోవడం. అందుకే ఈ పోస్టులో సలహాల కంటే లెక్కలే ఎక్కువుంటాయి.

52 ముక్కల్లోంచి 22,100 ఫ్లాప్‌లు రావచ్చు. వాటిలో సరిగ్గా ఒక జత ఉన్నవి 3,744, అంటే 16.9 శాతం. సుమారు ఆరింట ఒకటి. అరుదుగా వస్తాయిలే అని పక్కన పెట్టే రకం కాదు. చేతిలో ఏ-కె లాంటి జత కాని రెండు ముక్కలున్నాయనుకోండి. మూడు వేర్వేరు ర్యాంకులున్న ఫ్లాప్ మీద మీకేమీ తగలకుండా పోయేది 65 శాతం సార్లు. జత ఫ్లాప్ మీద అది దాదాపు 80 శాతం. కింద మూడు ముక్కలున్నా ర్యాంకులు రెండే. పైగా జత పడ్డ ర్యాంకులో బయట మిగిలినవి రెండే ముక్కలు.

తెలుగువాళ్లలో చాలామంది రమ్మీ నుంచో, మూడు ముక్కలాట నుంచో ఈ ఆటకు వస్తారు. మూడు ముక్కలాటలో జత అంటే మన చేతిలోది, మన బలం. ఇక్కడ జత కింద పడింది, అది అందరి ఉమ్మడి ఆస్తి. క్యూ-10 పట్టుకున్న మీకూ, ఏ-కె పట్టుకున్న అతనికీ 7ల జత సమానమే. తేడా తెచ్చేవి ముఖ్యంగా మూడు: ట్రిప్స్ (బోర్డు జతతో కలిసి మూడు ఒకే ర్యాంకు), చేతిలో ఉన్న జత, కిక్కర్ (పక్కనున్న పెద్ద ముక్క).

ఇప్పుడు 7-7-3 మీద 7లు ఎవరి దగ్గర ఎక్కువో చూద్దాం. బయట మిగిలినవి ఆటీను 7, కళావరు 7. కాబట్టి ఏ7 సూటెడ్ (రెండూ ఒకే సూట్) రెండే కాంబోలు, 87 సూటెడ్ రెండే, 76 సూటెడ్ రెండే. ఆఫ్‌సూట్ (వేర్వేరు సూట్లు) అయితే ఒక్కో రకానికి ఆరు. బటన్ నుంచి ఒక మామూలు ఆటగాడు 45 శాతం చేతులు ఓపెన్ చేస్తాడనుకుందాం (అంటే మొదటగా లేపుతాడు). అందులో 7 ఉన్న సూటెడ్ చేతులు ఎనిమిది రకాలు వేసుకుంటే 16 కాంబోలు, ఏ7 ఆఫ్‌సూట్ 6. మొత్తం 22. బిగ్ బ్లైండ్ కాల్ చేసే చేతుల్లో సూటెడ్ 7లు పది రకాలు, అంటే 20 కాంబోలు. 73 సూటెడ్ ఒక్కటే కాంబో, కళావరుది. వీటి పైన ఏ7, 97, 87, 76 ఆఫ్‌సూట్‌లు నాలుగు రకాలు, 24. మొత్తం 45. అంటే ట్రిప్స్ మన దగ్గర రెట్టింపు.

అయితే ఈ లెక్కకు ఒక షరతుంది. 97, 87, 76 ఆఫ్‌సూట్‌లను మీరు నిజంగా కాల్ చేస్తేనే ఆ 18 కాంబోలు మీవి. రేక్ (నిర్వాహకులు పాట్‌లోంచి తీసుకునే వాటా) ఎక్కువుండే చిన్న స్టేక్స్ క్యాష్ గేమ్‌లో 2.5 బీబీ ఓపెన్‌కు అవి పడేయడమే మేలు. అప్పుడు మీ ఆధిక్యం 27కు 22 అవుతుంది, చెప్పుకోదగ్గదేం కాదు. టోర్నమెంట్‌లో యాంటీ (పంచకముందే కట్టే అదనపు పందెం) ఉండి, బటన్ 2.2కి ఓపెన్ చేస్తే అవన్నీ కాల్‌లోకి వస్తాయి, ఆధిక్యం పూర్తిగా నిలుస్తుంది. ఒకే ఫ్లాప్, ఒకే చేయి అయినా క్యాష్ గేమ్‌లో ఎంత ధైర్యంగా రైజ్ చేయాలో, టోర్నమెంట్‌లో ఎంత చేయాలో ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

అటు వైపు బలం ఓవర్‌పెయిర్లలో (బోర్డు ముక్కలన్నిటికంటే పెద్ద చేతి జతలు) ఉంది. 88 నుంచి ఏఏ దాకా ఏడు రకాలు, ఒక్కోటి ఆరు, మొత్తం 42 కాంబోలు. మనం జెజె పైన ఉన్నవన్నీ ప్రీఫ్లాప్‌లోనే (ఫ్లాప్‌కు ముందే) 3-బెట్ చేస్తాం (అతని రైజ్ మీద మళ్లీ రైజ్) కాబట్టి మన దగ్గర 88, 99, ఒక్కోసారి 10ల జత. సగటు ఈక్విటీ (గెలిచే వాటా) బటన్‌ది, అన్నిటికంటే పెద్ద చేతుల బలం మనది. సాల్వర్ (సరైన ఆటను లెక్కగట్టే ప్రోగ్రామ్) ఇలాంటి చోట బటన్‌తో చిన్న బెట్ తరచుగా వేయిస్తుంది, బిగ్ బ్లైండ్‌తో మామూలు ఫ్లాప్‌ల మీదకంటే ఎక్కువ చెక్-రైజ్ (చెక్ చేసి, బెట్ పడ్డాక లేపడం) చేయిస్తుంది. కారణం ఈ రెండు లెక్కల్లోనే దొరుకుతుంది.

1.8 బెట్‌కు ఇప్పుడు ఏం చేయాలి? కాల్ చేస్తే 1.8 పెట్టి 7.3 కోసం ఆడుతున్నాం. 20 శాతం ఈక్విటీ ఉంటే చాలు. ఏ-హై (జత లేదు, పెద్ద ముక్క ఏ) అన్నీ కాల్, అందులో ఆలోచించడానికేం లేదు. చేతిలో జతలన్నీ కాల్. కె-హై, క్యూ-హైలలో బ్యాక్‌డోర్ ఫ్లష్ డ్రా (టర్న్, రివర్ రెండూ కలిసొస్తే ఒకే సూట్ అయిదు ముక్కలు, అంటే ఫ్లష్) ఉన్నవి కాల్. పైన చెప్పిన ఆటీను క్యూ-10కు కింద ఆటీను 3 ఉంది, రెండూ 7 కంటే పెద్ద ముక్కలు, టర్న్‌లో జత పడటానికి ఆరు ముక్కలున్నాయి. కాబట్టి కాల్. అదే క్యూ-10 కళావరులో ఉంటే వదిలేయొచ్చు, పెద్ద నష్టమేం లేదు. కె-4 ఆఫ్‌సూట్, క్యూ-5 సూటెడ్ లాంటివి బ్యాక్‌డోర్ లేకపోతే పడేయండి. ఓవర్‌కార్డు (బోర్డు కంటే పెద్ద ముక్క) ఒక్కటే ఉండి కిక్కర్ చెత్త అయితే, జత పడినా టర్న్‌లో మీకు పనికొచ్చేది తక్కువ.

ఏ-హై గురించి ఒక మాట. జత ఫ్లాప్ మీద ఏ-9కి, ఏ-10కి తేడా ఉంటుంది, కానీ అది నిలవదు. కె-7-7 మీద ఏ-10 అంటే 7-7-ఏ-కె-10, ఏ-9 అంటే 7-7-ఏ-కె-9. ఇక్కడ 10దే పైచేయి. టర్న్‌లో క్యూ పడితే ఇద్దరికీ 7-7-ఏ-కె-క్యూ, పాట్ సగం సగం. అందుకే పెద్ద ముక్కలున్న బోర్డు మీద కిక్కర్ విలువ తగ్గిపోతుంది, 7-7-3 లాంటి చిన్న బోర్డు మీద చాలాసేపు బతుకుతుంది.

ఇక చెక్-రైజ్. 1.8 బెట్‌ను 6కి లేపడం నాకు నచ్చిన సైజు, దాదాపు 3.3 రెట్లు. మనం 6 పెట్టి అప్పటికే ఉన్న 7.3 కోసం ఆడుతున్నాం. 45 శాతం సార్లు అతను వదిలేస్తే బ్లఫ్ దానంతట అదే గిట్టుబాటు. అంటే అతను సగానికి పైగా, 55 శాతం చేతులతో నిలబడాలి. మరి అతని దగ్గర జతో, అంతకంటే మంచిదో ఎంతుంది? 45 శాతం ఓపెన్‌లో ఫ్లాప్ ముక్కలు తీసేస్తే సుమారు 530 కాంబోలు మిగులుతాయి. 88 పైన జతలు 42, 22, 44, 55, 66 కలిపి 24, 33 మూడు, 77 ఒకటి. 7లు 22. ఏ3 సూటెడ్, కె3 సూటెడ్, ఏ3 ఆఫ్‌సూట్ కలిపి 15. మొత్తం 107. అంటే అయిదింట ఒక వంతు. ప్రతి చేతితోనూ చిన్న బెట్ వేసినవాడు 55 శాతం నిలబెట్టాలంటే ఏ-హైలతోనే కాదు, కె-హైలు, బ్యాక్‌డోర్‌లతో కూడా రైజ్‌కు కాల్ చేయాలి. టేబుల్ దగ్గర అంత చేసేవాళ్లు తక్కువ.

కాబట్టి ఏ చెత్తతోనైనా రైజ్ చేయొచ్చా? ఫ్లాప్ వరకే అయితే చేయొచ్చు. చిక్కు టర్న్‌లో వస్తుంది. కాల్ పడితే పాట్ 17.5, ముందు మాట్లాడాల్సింది మళ్లీ మనమే. ఆ స్థితిలో ముందుకు పోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. 7-7-3 మీద బ్లఫ్‌కు మంచివి 65, 54 (రెండింటికీ గట్‌షాట్ ఉంది, అంటే మధ్యలో ఒక ముక్క పడితే వరుస అయిదు ముక్కల స్ట్రెయిట్: 65కి 4 కావాలి, 54కి 6), తర్వాత 10-9, 98, జె9 సూటెడ్‌లు బ్యాక్‌డోర్ ఫ్లష్‌తో. వీటిలో ఏ-హై లేదు, కె-హై లేదు. ఏ-హైకి షోడౌన్ విలువ (చివర్లో ముక్కలు చూపితే గెలిచే అవకాశం) ఉంది, దాన్ని రైజ్ చేసి బ్లఫ్‌గా మార్చడం ఇంట్లో ఉన్న బియ్యం అమ్మి బయట అన్నం కొనుక్కున్నట్టే.

వాల్యూ వైపు (చిన్న చేతుల నుంచి డబ్బు రాబట్టడానికి) ట్రిప్స్ దాదాపు అన్నీ రైజ్ చేయండి. "7 తగిలింది కదా, నెమ్మదిగా లాగుదాం" అన్న ఆలోచన పొజిషన్ లేనప్పుడు ఖరీదైనది. మనం చెక్-కాల్ చేస్తే టర్న్‌లో అతను చెక్ చేసేయొచ్చు, ఒక స్ట్రీట్ (రౌండ్) బెట్ పోయినట్టే. నెమ్మదిగా ఆడాల్సినవి 33, 73, క్వాడ్స్ (నాలుగూ ఒకే ర్యాంకు). అవి మన దగ్గరుంటే అవతలివాడు కాల్ చేయడానికి కావాల్సిన ముక్కలు మనమే పట్టుకున్నట్టు. క్వాడ్స్‌లో ఇది మరీ స్పష్టం: 7లు నాలుగూ మనవే, అతనికి ట్రిప్స్ వచ్చే దారే లేదు.

కాల్ పడ్డాక టర్న్‌లో సైజు లెక్క ఇలా. పాట్ 17.5, వెనకాల 91.5. టర్న్‌లో, రివర్‌లో సమాన నిష్పత్తిలో బెట్ వేసి మొత్తం లోపల పెట్టాలంటే ఒక్కో స్ట్రీట్‌కు పాట్‌కు 1.2 రెట్లు కావాలి: టర్న్‌లో 21, రివర్‌లో మిగిలిన 70.5. చాలామంది టర్న్‌లో 9 వేసి ఆగిపోతారు. అలా వేస్తే రివర్‌కు పాట్ 35.5 ఉంటుంది, వెనకాల 82.5 మిగులుతుంది. ఓవర్‌పెయిర్ పట్టుకున్నవాడు రెండు చిన్న బెట్‌లు కట్టి, కొద్దిలో తప్పించుకుంటాడు. టర్న్‌లో 2, 4, 5, 6, 8, 9 పడితే పెద్దగా వేయండి. 4, 6 మన గట్‌షాట్‌లను స్ట్రెయిట్ చేస్తాయి. 8, 9 మన బ్యాక్‌డోర్‌లకు ఊపిరి పోస్తాయి. వీటిలో ఏదీ అతని కాలింగ్ చేతులకు పెద్దగా తోడ్పడదు. టర్న్‌లో ఏ పడితే బ్లఫ్‌లు ఆపేయండి. ఫ్లాప్ రైజ్‌కు కాల్ చేసిన చేతుల్లో ఏ-హైలే ఎక్కువ, అవన్నీ ఒక్కసారిగా రెండు జతలయ్యాయి.

ఇక్కడ ట్రిప్స్‌కు భద్రత ఎంతో కూడా తెలిసుండాలి. ఏ7తో 7-7-3 మీద టర్న్‌లో ఫుల్ హౌస్ (మూడు ఒక ర్యాంకు, రెండు ఇంకో ర్యాంకు) లేదా క్వాడ్స్ చేసే ముక్కలు ఏడు: మూడు ఏలు, మూడు 3లు, ఒక 7. తగలకపోతే రివర్‌లో పది. రెండూ కలిపి 33 శాతం. మూడింట ఒకసారి ఇంకా బలపడతాం. అవతల క్యూక్యూ ఉంటే దానికి రెండే ముక్కలు, రివర్ దాకా 9 శాతం లోపు.

చిన్న జతలు మోసం చేస్తాయి. 7-7-3 మీద 22 ఇప్పటికి ముందున్నట్టే కనిపిస్తుంది. కానీ టర్న్‌లో ఇంకో 3 పడితే బోర్డు 7-7-3-3, మీ 2లకు విలువే లేదు. కె-7-7 మీద 44 తీసుకోండి. టర్న్‌లో 9, రివర్‌లో 9 పడితే బోర్డులోనే 9-9-7-7-కె. మీ 4లు ఆటలోంచి పోయాయి, ఇందాక మీకంటే వెనకున్న ఏ-6 ఇప్పుడు ఏ కిక్కర్‌తో గెలుస్తుంది. కాబట్టి విడి ముక్క (ఫ్లాప్‌లో జత కానిది) కంటే చిన్న జతతో ఒక స్ట్రీట్ కాల్ చేయండి, టర్న్‌లో రెండో బెట్ 60 శాతం పైన పడితే వదిలేయండి. విడి ముక్క కంటే పెద్ద జతలు (7-7-3 మీద 55, 66) ఇంకో స్ట్రీట్ నిలబడగలవు. 3 మళ్లీ పడినా 55కు ప్రాణం పోదు, 7-7-5-5 అలాగే ఉంటుంది.

అన్ని జత ఫ్లాప్‌లూ ఒకే రకం కావు. మన చెక్-రైజ్‌కు బాగా పనికొచ్చేవి 6 నుంచి 9 దాకా జత, పక్కన చిన్న ముక్క. ఇంకా కిందకు, 3-3-9 లాంటి దానికి పోతే ఎవరి దగ్గరా 3లు పెద్దగా ఉండవు. మనం కాల్ చేసేది ఏ3, 43, 53 సూటెడ్ లాంటివే. అక్కడ రైజ్ చేస్తే, ఏ చేతితో చేస్తున్నావని అవతలివాడు అడిగినట్టే, జవాబు చెప్పలేం.

కె-7-7 మీద కథ వేరు. బటన్ దగ్గర ఏకె 12 కాంబోలు, కెక్యూ 12, ఏఏ 6, కెకె 3. 7లు మనకు ఎక్కువే ఉన్నా, రైజ్‌కు ఏమీ తగలని చేతులు పోతాయి, కె మాత్రం కదలదు. టర్న్‌లో మళ్లీ బెట్ వేసినా కె వదలడు. అక్కడ 65, 98 లాంటి కొన్నింటితోనే రైజ్ చేసి, మిగతావి కాల్‌లో పెట్టండి. మన దగ్గర కె-10, కె-9 ఉంటే రైజ్ అక్కర్లేదు, రెండు స్ట్రీట్లు చెక్-కాల్.

ఏ-ఏ-5 లాంటి బోర్డు ఇంకా చప్పనిది. ఏలు ఇద్దరికీ ఉన్నాయి కానీ ఏకె, ఏక్యూలు మనం ప్రీఫ్లాప్‌లోనే 3-బెట్ చేస్తాం, అవి బటన్ దగ్గర పూర్తిగా ఉన్నాయి. మన ఏ4 రైజ్ చేస్తే కాల్ చేసేవాటిలో మంచి భాగం మన కిక్కర్‌ను మించినవి. కాల్ చేసి, రివర్‌లోగా కె, క్యూ పడి కిక్కర్ బోర్డులోకి పోతే పాట్ పంచుకోవడమే మేలు.

9-9-8లో రెండు ముక్కలు ఒకే సూట్‌లో ఉంటే ఫ్లాప్‌లోనే యుద్ధం మొదలవుతుంది. జె-10, 10-7, 76 అన్నీ రెండు వైపులా తెరుచుకున్న స్ట్రెయిట్ డ్రాలు. ఇక్కడ తెలివైన బటన్ చిన్న బెట్ కాదు, అసలు చాలా చేతులు చెక్ చేస్తాడు, వేస్తే పెద్దగా వేస్తాడు. పాట్‌లో మూడింట రెండు వంతులు పడితే మన కాల్‌కు 29 శాతం కావాలి. క్యూ-హై, కె-హై కాల్‌లు ఇక్కడ మరిచిపోండి.

ఫ్లష్ డ్రాల మీద అందరూ చెప్పే హెచ్చరిక ఒకటుంది: జత బోర్డు మీద ఫ్లష్ పూర్తయ్యే ముక్కే ఇంకోడికి ఫుల్ హౌస్ ఇస్తుంది అని. ఫ్లాప్ వరకు ఇది సగం నిజం. ఇస్పేటు కె, ఇస్పేటు 7, డైమన్ 7 బోర్డు మీద ఇస్పేటు డ్రా తీసుకోండి. ఇస్పేటు కె, ఇస్పేటు 7 అప్పటికే కింద ఉన్నాయి. మిగిలిన తొమ్మిది ఇస్పేట్లలో ఏదీ ఫ్లాప్ ముక్కను జత చేయలేదు. ప్రమాదం రెండు చోట్ల ఉంది. ఒకటి, టర్న్‌లో డైమన్ 9 పడితే రివర్‌లో ఇస్పేటు 9 బోర్డును జత చేస్తుంది, తొమ్మిదిలో ఒకటి మైల పడినట్టే. రెండు, మన ఫ్లష్ టర్న్‌లోనే పూర్తయినా ట్రిప్స్ పట్టుకున్నవాడికి రివర్‌లో పది ముక్కలుంటాయి. అతని చేయి, మన చేయి, బోర్డు తీసేస్తే మిగిలిన 44లో పది, అంటే 23 శాతం. అందుకే టర్న్‌లో ఫ్లష్ పడగానే చెక్ చేసి వల పన్నకుండా, పాట్‌లో నాలుగింట మూడు వంతులు వేయండి. ఆ 23 శాతానికి అతను డబ్బు కట్టి తీరాలి.

ఫ్లాప్‌లో ఇద్దరూ చెక్ చేస్తే పని తేలిక. ప్రతి చేతితో బెట్ వేయాల్సిన బోర్డు మీద బటన్ వెనక్కి తగ్గాడంటే ఎక్కువగా ఏ-హై, కె-హై, మధ్య రకం జత. ట్రిప్స్ ఆగడం తక్కువ. టర్న్‌లో 5.5 పాట్‌కు 3.7 వేయండి. 40 శాతం వదిలేస్తే చాలు. విడి ముక్క తగిలినవి, గట్‌షాట్‌లు, ఫ్లాప్‌లో చెక్-రైజ్ చేద్దామనుకుని బెట్ పడక మిగిలిపోయిన ట్రిప్స్, అన్నీ ఈ బెట్‌లోనే. ఫ్లాప్‌లోనే ముందుకెళ్లి బెట్ వేయడం, అంటే డాంక్, నా దృష్టిలో అనవసరం. కొన్ని చిన్న బోర్డుల మీద సాల్వర్ కాస్త వేస్తుంది గానీ, దానివల్ల వచ్చేది గోరంత, మన చెకింగ్ రేంజ్‌ను (చెక్ చేసే చేతులన్నిటినీ) సరిగ్గా కాపాడుకోకపోతే పోయేది కొండంత.

ప్రీఫ్లాప్‌లో లేపింది మనమే అయి, పొజిషన్ మాత్రం లేకపోతే? అసలు ఉదాహరణ స్మాల్ బ్లైండ్ 3-బెట్. బటన్ 2.5, మనం 11, అతను కాల్. పాట్ 23, వెనకాల 89, పాట్‌కు నాలుగు రెట్ల లోపు. క్యూ-క్యూ-4, కె-కె-6 లాంటి వాటి మీద చేతిలో ఏముందో చూడకుండా 6 వేయండి. 21 శాతం వదిలేస్తే లాభం, అంతకంటే చాలా ఎక్కువే వదిలేస్తారు. 8-8-7, 6-6-5 మీద చేయి ఆపండి. బటన్ కాల్‌లో 87, 76, 65 సూటెడ్‌లు, 77, 66 ఉన్నాయి, మనకు దాదాపు లేవు. అక్కడ ఓవర్‌పెయిర్లలో సగం చెక్ చేయండి. ఏకెలు చాలావరకు చెక్. చెక్ చేసిన ఓవర్‌పెయిర్‌తో అతని బెట్‌కు కాల్ చేయండి. రైజ్ చేసి మొత్తం తోసేస్తే నిలబడేది ట్రిప్సూ, మంచి డ్రాలే. కటాఫ్‌లో (బటన్‌కు ముందు సీటు) ఓపెన్ చేసి బటన్ కాల్ చేసినప్పుడూ ఇదే తీరు, ఇంకాస్త జాగ్రత్తగా: అతని రేంజ్‌లో 66 నుంచి 10-10 దాకా జతలు నిండా ఉంటాయి, 5-5-2 మీద ఏక్యూ బెట్‌కు అవేం కదలవు.

ఇక ఎక్కువ కట్టే తప్పు. మళ్లీ 7-7-3. మీ చేతిలో కళావరు 7, కళావరు 6. 1.8కి 6 చేశారు, అతను 15 చేశాడు. ట్రిప్స్ కదా అని ఆల్-ఇన్ (ఉన్నదంతా) తోసేసేవాళ్లే ఎక్కువ. ఒక 7 మీ చేతిలో ఉంది కాబట్టి బయట ఒక్కటే, ఆటీను 7. ఏ7 సూటెడ్ 1, ఆఫ్‌సూట్ 3. కె7, క్యూ7, జె7, 10-7, 97, 87 సూటెడ్ ఒక్కొక్కటి, 6. 33 మూడు. మిమ్మల్ని కొట్టేవి 13. ఇప్పుడు ప్రశ్న అతని 42 ఓవర్‌పెయిర్లలో ఎన్నింటితో మళ్లీ రైజ్ చేస్తాడు అన్నది. నాలుగో వంతు చేస్తే పది పదకొండు, సరిసమానం. ఓవర్‌పెయిర్‌తో ఎప్పుడూ కాలే చేసే రకమైతే ఆ 15 వెనక మిగిలేవి ఆ పదమూడూ, కొన్ని బ్లఫ్‌లూ. కాల్‌కు 9 పెట్టాలి, మొత్తం 35.5లో 25 శాతం. అది ధారాళంగా ఉంది, కాల్ చేయండి. తోసేస్తే మాత్రం మీకంటే చిన్నవి పోతాయి, పెద్దవి నిలుస్తాయి. ఏ7తో ఇదే పరిస్థితి అయితే కొట్టేవి 33 ఒక్కటే, మూడు కాంబోలు. అప్పుడు తోసేయండి. చాలామంది 76ను, ఏ7ను "ట్రిప్స్" అనే ఒకే గాటన కట్టేస్తారు. డబ్బు కారిపోయేది ఆ గాట్లోంచే.

ముగ్గురు నలుగురు ఫ్లాప్ చూసినప్పుడు పైన చెప్పిన బ్లఫ్ లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఒక్కడి దగ్గర ట్రిప్స్ లేకపోవచ్చు, ముగ్గురిలో ఎవరి దగ్గరా లేదనుకోవడం కష్టం. లైవ్ టేబుల్స్‌లో ఇలా నలుగురు చూసే పాట్‌లే ఎక్కువ. పైగా అక్కడివాళ్లు జత ఫ్లాప్ మీద మూడో వంతు కాదు, సగం పాట్ వేస్తారు, కాల్‌కు 25 శాతం కావాలి, ఏమీ లేనివాళ్లు అసలు బెట్టే వేయరు. అక్కడ క్యూ-10తో కాల్ చేయకపోయినా పరవాలేదు.

అంకెలన్నీ బీబీల్లో రాయడానికి ఒక కారణం ఉంది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి, 2025 ఆగస్టులో దేశమంతటికీ కేంద్ర చట్టం వచ్చింది. గోవా క్యాసినోలోనో, అమెరికాలో ఉంటే లాస్ వేగస్‌లోనో, కాలిఫోర్నియా కార్డ్ రూమ్‌లోనో ఆడేవాళ్లకు రూపాయైనా డాలరైనా ఈ నిష్పత్తులే.

సాధన చేయడానికి డబ్బు అసలు అక్కర్లేదు. ఒక పేక కట్ట తీసుకుని జత పడేదాకా మూడేసి ముక్కలు పరవండి. జత పడగానే కాగితం మీద రెండు నిలువు వరుసలు: ఎడమ పక్క మీ ట్రిప్స్ కాంబోలు, కుడి పక్క అతనివి. సూటెడ్, ఆఫ్‌సూట్ విడివిడిగా. కింద అతని ఓవర్‌పెయిర్లు ఎన్నో రాయండి. తర్వాత మీ చేతికి రెండు ముక్కలు తీసుకుని, వాటిని లెక్కలోంచి తీసేసి, అంకెలు మళ్లీ రాయండి. మొదట్లో ఒక్కో ఫ్లాప్‌కు అయిదారు నిమిషాలు పడుతుంది. ఆఫ్‌సూట్‌ను ఆరు అనకుండా పన్నెండు అనేయడం అందరూ చేసే తప్పు. జత పడ్డ ర్యాంకులో రెండే ముక్కలు మిగిలాయి, పక్క ముక్కలో నాలుగున్నాయి. రెండు నాలుగులు ఎనిమిది, అందులో సూటెడ్ రెండు తీసేస్తే ఆరు.